"దేశం నిర్ణయించింది" అంటే ఎవరు నిర్ణయించినట్టు? డిసర్టేషన్‌కి సాయం కావాలి (తిరుపతి)

శేషాచలం_పిల్ల (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్తే. తిరుపతిలో ఎమ్మే పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది చదువుతున్నాను. విదేశాంగ విధానం మీద డిసర్టేషన్ సినాప్సిస్ పోయిన వారం ఇచ్చాను, ఈరోజు తిరిగి చేతికొచ్చింది. కొట్టివేతలేమీ లేవు. మొదటి పేజీలో "భారత్" అన్న మాట ఎక్కడుంటే అక్కడ మా మేడమ్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "ఎవరు?" అని రాశారు. లెక్కబెట్టాను, పదకొండు సున్నాలు. "1998లో అణుపరీక్షలు జరపాలని భారత్ నిర్ణయించింది": ఎవరు? "చైనా తీరుపై భారత్ ఆందోళన చెందింది": ఎవరు?

పోయి అడిగితే "దేశం ఆందోళన చెందదమ్మా, మనుషులు చెందుతారు. ఏ మనుషులు, ఏ గదిలో కూర్చుని, ఏ కాగితం చూసి చెందారో పట్టుకుని రా" అన్నారు. పట్టుకోవడమంటే ఎలా? పేపర్లో కూడా "ఢిల్లీ భావిస్తోంది", "బీజింగ్ గుర్రుగా ఉంది" అనే కదా రాస్తారు! రెండు వారాల్లో కొత్త సినాప్సిస్ ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది. ఈ సబ్జెక్టు తెలిసినవాళ్లు దారి చూపించండి.

మూడో_అటెంప్ట్ (రాత్రి 9:31)

చెల్లీ, దీనికింత టెన్షన్ ఎందుకు? ఏ దేశమైనా లాభనష్టాలు బేరీజు వేసుకుని తనకు ఏది మేలో అది చేస్తుంది. రేషనల్ యాక్టర్ మోడల్ అంటారు. సివిల్స్ మెయిన్స్‌లో నేను రాసేది అదే. "భారత్" ఉన్నచోటల్లా "భారత ప్రభుత్వం" అని మార్చి ఇచ్చెయ్. సున్నాలు పోతాయి.

తోతాపురి (రాత్రి 9:40)

పోవు. ఇంకొంచెం పెద్ద సున్నాలు పడతాయి.

రిటైర్డ్_మాస్టారు (రాత్రి 10:25)

అమ్మా, చిత్తూరు నుంచి రాస్తున్నాను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఇదే సబ్జెక్టు చెప్పాను. పిల్లల పేపర్లలో ఇలా సున్నాలు చుట్టాలని నాకు ఒక్కరోజూ తోచలేదు. మీ మేడమ్‌కి నా నమస్కారం చెప్పు.

మనవైపు సంబంధం తప్పిపోతే "వాళ్లింట్లో ఒప్పుకోలేదు" అంటాం. ఇల్లు ఒప్పుకోకపోవడమేమిటి? లోపలికి పోయి చూస్తే పిల్లవాడి తండ్రికి ఇష్టమే. మేనత్తకు తన కూతుర్ని అడగలేదన్న మంట. తండ్రికి బావమరిది దగ్గర అప్పుంది, ఆయన మాట తీసెయ్యలేడు. జాతకాలు చూసినాయన నాలుగు రోజులు ఆగమన్నాడు, ఈ లోపల అమ్మాయివాళ్లకు వేరే సంబంధం కుదిరింది. బయటికొచ్చిన మాట మాత్రం ఒకటే: "వాళ్లింట్లో ఒప్పుకోలేదు." నువ్వు చదవాల్సింది ఆ ఇంటి లోపలిది.

ఈ మాట మొదట గట్టిగా చెప్పినవాళ్లలో రిచర్డ్ స్నైడర్, ఆయన సహచరులున్నారు, 1954లో. జనానికి బాగా ఎక్కించింది మాత్రం గ్రాహమ్ ఆలిసన్. 1962 క్యూబా క్షిపణి సంక్షోభాన్ని (సోవియట్‌వాళ్లు క్యూబాలో గుట్టుగా అణు క్షిపణులు పెడితే అమెరికా పట్టుకున్న గొడవ) తీసుకుని, ఒకే కథను మూడుసార్లు మూడు కళ్లద్దాలతో చూసి 1971లో పుస్తకం వేశాడు. మొదటి అద్దం పైన అబ్బాయి చెప్పిన లాభనష్టాల లెక్క. రెండోది ఆఫీసుల అలవాటు. మూడోది కుర్చీల మధ్య, అంటే పదవుల్లో ఉన్నవాళ్ల మధ్య, బేరం.

రెండో అద్దం సంగతి కొంచెం చెప్తాను, క్లాసులో పిల్లలు నిద్రపోకుండా వినే కథ అదొక్కటే. సోవియట్‌వాళ్లు క్షిపణుల్ని సముద్రం మీద అంత గుట్టుగా తెచ్చారు కదా. తీరా క్యూబాలో దింపాక వాటిని సరిగా కప్పిపెట్టలేదు. సైట్లు కూడా తమ దేశంలో ఎలా కడతారో అచ్చం అదే నమూనాలో కట్టారు. అక్టోబర్ 14న అమెరికా గూఢచారి విమానం యూ-2 తీసిన ఫొటోల్లో అమెరికా నిపుణులు ఆ నమూనా చూసే గుర్తుపట్టారు. మాస్కో అంత తెలివిగా దాచి ఇంత తెలివితక్కువగా బయటపడడమేమిటని లెక్కలేసేవాళ్లకు తల తిరుగుతుంది. తెచ్చింది ఒక విభాగం, కట్టింది ఇంకో విభాగం. కట్టేవాళ్ల చేతిలో ఎప్పటి మాన్యువలో ఉంది, అందులో ఉన్నట్టు కట్టుకుంటూ పోయారు. అంతకుమించి మర్మమేమీ లేదు.

మూడో అద్దానికి ఒక్క ముక్క. టర్కీలోని అమెరికా క్షిపణుల్ని తీసేస్తామని అక్టోబర్ 27న అధ్యక్షుడు కెనడీ తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారికి రహస్యంగా మాటిచ్చాడు. అధ్యక్షుడి చుట్టూ రోజూ కూర్చుని సలహాలిచ్చే కమిటీలో చాలామందికే ఆ సంగతి తెలియదు. ఇప్పుడు చెప్పు, "అమెరికా ఒప్పుకుంది" అని రాస్తే మీ మేడమ్ సున్నా చుట్టదా?

తోతాపురి (మంగళవారం, ఉదయం 7:05)

సార్, ఢిల్లీ గదులు, మాస్కో గదులు నాకు తెలియవు. బంగారుపాళ్యం దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూసుకుంటాను. 2023 చివర్లో యెమెన్‌లోని సాయుధ ముఠా హౌతీలు ఎర్రసముద్రంలో ఓడల మీద పడ్డాక యూరప్‌కి పోయే సరుకంతా ఆఫ్రికా చుట్టూ తిరిగింది. రోజులు పెరిగాయి, కిరాయీ పెరిగింది. 215 కిలోల డ్రమ్ములు గోడౌన్‌లో రెండు అంతస్తులు పేర్చి, చాలక వరండాలో టార్పాలిన్ కప్పి పెట్టాం. యెమెన్‌లో ఎవరో తీసుకున్న నిర్ణయానికి నేను మా షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి జాగా వెతుక్కున్నాను. ఇది కూడా విదేశాంగ విధానమే అంటాను.

ఇంకోటి. అమెరికాతో మన అణు ఒప్పందం గురించి అందరూ రాస్తారు, పక్కనే ఉన్న మామిడిపండును వదిలేస్తారు. 2006 మార్చిలో బుష్ ఢిల్లీ వచ్చినప్పుడు మన పండును అమెరికాలోకి రానిస్తామన్న మాట అయింది. పండు అక్కడ దిగింది మాత్రం 2007 ఏప్రిల్‌లో. మధ్యలో ఏడాదికి పైగా ఏం జరిగిందంటే పురుగుల పంచాయితీ. వాళ్ల వ్యవసాయ శాఖ పండును రేడియేషన్‌లో పెట్టి పంపమంది. ఆ పని మహారాష్ట్రలో లాసల్‌గావ్ ప్లాంటులో జరిగింది. అదే టైములో హార్లే డేవిడ్సన్ బైకులు మన దేశంలోకి రావడానికి అడ్డున్న పొగ రూల్సు సడలించారు. బుష్, మన్మోహన్ చేతులు కలిపిన ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. ఈగ గుడ్డు ఉందా లేదా అని పండు కోసి చూసిన ఇన్‌స్పెక్టర్ ఫొటో ఎవరి దగ్గరా ఉండదు.

(ఆ దారిలో పోయింది చాలావరకు అల్ఫాన్సో, కేసర్. మన తోతాపురికి ఏ దేశాధ్యక్షుడూ సిఫార్సు చెయ్యలేదు. అది వేరే బాధ, వేరే థ్రెడ్.)

అలిపిరి_మెట్లు (ఉదయం 10:48)

మాస్టారి రెండో అద్దానికి మన దేశంలో ఉదాహరణ కావాలంటే 1999 డిసెంబర్ 24. కాఠ్‌మాండూ నుంచి వస్తున్న ఐసీ-814ను హైజాక్ చేశారు. విమానం అమృత్‌సర్‌లో దిగింది, మన నేల మీద ముప్పావు గంట ఉంది. ఢిల్లీలో క్రైసిస్ మేనేజ్‌మెంట్ గ్రూప్ ఉంది, పంజాబ్ పోలీసులున్నారు, కమాండోలున్నారు. అందరూ ఉన్నారు. విమానం ఎగిరిపోయింది. లాహోర్, దుబాయ్, కాందహార్. 31న మన జైళ్లలో ఉన్న ముగ్గురు ఉగ్రవాదుల్ని వదిలిపెట్టాం.

కాందహార్‌లో ఏం చేసి ఉండాల్సింది అని టీవీల్లో ఇప్పటికీ కొట్టుకుంటారు. నా లెక్కలో అసలు నిర్ణయం కాందహార్‌లో కాలేదు. అమృత్‌సర్‌లో ఎవరూ ఏదీ గట్టిగా నిర్ణయించని ఆ ముప్పావు గంటలోనే అయిపోయింది. నిర్ణయం తీసుకోకపోవడాన్ని కూడా చదవాలి.

మోడరేటర్ (ఉదయం 11:20)

ఏ పార్టీ హయాంలో ఏం జరిగిందని మొదలుపెట్టిన మూడు పోస్టులు తీసేశాను. ఆ అమ్మాయికి డిసర్టేషన్ ఉంది, మనకు ఎన్నికలు లేవు.

పులికాట్_కొంగ (మధ్యాహ్నం 2:15)

మాది సూళ్లూరుపేట. 2022 నుంచి తిరుపతి జిల్లా కదా, అందుకని నేనూ మాట్లాడతాను.

2001 మార్చి 28. నేను ఏడో తరగతి. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) నుంచి మొదటి జీఎస్ఎల్వీ రాకెట్ లేస్తుందని మధ్యాహ్నం ఎండలో వీధంతా మిద్దెలెక్కి నిలబడ్డాం. సిమెంటు కాళ్లకు కాలుతోంటే ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుకుంటూ చూస్తున్నాం. సరిగ్గా టైముకి దూరాన తెల్లగా పొగ లేచింది. చప్పట్లు కొట్టేశాం. పొగ అయితే ఉంది, అందులోంచి పైకి ఏదీ రాలేదు. మా అమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని "ఏదిరా?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. రాకెట్ పక్కనుండే స్ట్రాపాన్ ఇంజిన్లలో ఒకటి చాలినంత తోయలేదని, లేచే ముందు క్షణంలో కంప్యూటరే ఆపేసిందని తర్వాత తెలిసింది. ఏప్రిల్ 18న మళ్లీ పెట్టారు. ఆ రోజు లేచింది. మా వీధిలో మాత్రం చప్పట్లకు ముందు అందరూ కాసేపు ఆగారు.

ఆ రాకెట్ పైభాగంలో ఉన్న క్రయోజెనిక్ స్టేజీ (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే భాగం) రష్యాది. దాని వెనక కథ మీ సబ్జెక్టుకు సరిపోతుందని చెప్తున్నా. 1991 జనవరిలో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది: ఇంజిన్లు, వాటితోపాటు తయారుచేసే టెక్నాలజీ. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. క్షిపణి టెక్నాలజీ కట్టడి నియమాలకు ఇది విరుద్ధమంటూ 1992 మేలో అమెరికా ఇటు ఇస్రో మీద, అటు గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చి ఒప్పందం నిలబెట్టుకుంటామన్నాడు. అదే ఏడాది జూలైలో టెక్నాలజీ ఇవ్వలేమన్నారు. చివరికి వచ్చింది ఏడు స్టేజీలు, టెక్నాలజీ సున్నా. మనవాళ్లు సొంతంగా చేసిన క్రయోజెనిక్ స్టేజీతో జీఎస్ఎల్వీ సరిగ్గా ఎగిరింది 2014 జనవరి 5న. నాకు అప్పటికి పెళ్లయి పాప కూడా పుట్టింది.

శేషాచలం_పిల్ల (మధ్యాహ్నం 3:02)

అన్నా, జనవరిలో ఇస్తామన్నారు, జూలైలో ఇవ్వం అన్నారు. మధ్యలో ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఏ గదిలో ఏం మారింది? ఇది చాలు కదా డిసర్టేషన్‌కి!

మూడో_అటెంప్ట్ (మధ్యాహ్నం 3:30)

ఇందులో గదులెక్కడున్నాయి చెల్లీ? అమెరికా ఒత్తిడి తెచ్చింది, డబ్బుల్లేని రష్యా తలొగ్గింది. ఒక్క వాక్యంలో అయిపోయింది. రష్యాలో ఎవడు ప్రెసిడెంట్‌గా ఉన్నా అదే జరిగేది. బలవంతుడు, బలహీనుడు. నీ మూడు అద్దాలూ పక్కన పెట్టు, మామూలు కళ్లకే కనపడుతుంది.

అలిపిరి_మెట్లు (సాయంత్రం 4:10)

అంత తేలికైతే 1992 మేలోనే తలొగ్గాలి. ఆంక్షలు పడ్డాక కూడా ఏడాదికి పైగా ఎందుకు లాగారు? ఢిల్లీ వచ్చి మరీ ఎందుకు మాటిచ్చారు?

మూడో_అటెంప్ట్ (సాయంత్రం 4:14)

మాటలకేం, ఎన్నైనా ఇస్తారు. మన ఎమ్మెల్యేలు ఇవ్వరా?

రిటైర్డ్_మాస్టారు (రాత్రి 8:50)

మూడో అటెంప్ట్ బాబు చెప్పింది తప్పు కాదు. సగం. అమెరికా ఒత్తిడి అన్న మాట రష్యా ఏ వైపు ఒరిగిందో చెప్తుంది. ఎప్పుడు ఒరిగింది, ఎంత ఒరిగింది అన్నది చెప్పదు. ఒప్పందం మొత్తం రద్దు కాలేదు, గమనించారా? స్టేజీలు ఇస్తాం, కిటుకు ఇవ్వం అన్నారు. ఈ ఆకారం ఎక్కడిది? "బలవంతుడు, బలహీనుడు" అన్న లెక్కలో ఏడు అనే అంకె రాదు. ఏడు బేరంలోనే వస్తుంది.

ఆ కాలంలో యెల్త్సిన్ ఇంట్లోకి తొంగి చూడండి. పార్లమెంటుతో ఆయనకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఏప్రిల్ మొదట్లో వాంకూవర్‌లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను కలిశాడు, సాయం ప్యాకేజీ వచ్చింది. అదే నెల 25న తన మీద తనే రెఫరెండం పెట్టించుకుని గెలిచాడు. అక్టోబర్ వచ్చేసరికి ఆ పార్లమెంటు భవనం మీదే ట్యాంకులు పేల్చాయి. విదేశాంగ మంత్రి కోజిరెవ్ పడమటి దేశాలతో పోదామనే మనిషి. గ్లావ్‌కాస్మోస్‌కు ఇండియా ఆర్డరు పోతే ఉప్పూ నిప్పూ కరువు. అమెరికా చేతిలో కర్ర ఒక్కటే లేదు, బెల్లం ముక్క కూడా ఉంది: అంతర్జాతీయ శాటిలైట్ ప్రయోగాల మార్కెట్‌లోకి రానివ్వడం, స్పేస్ స్టేషన్‌లో చోటు. ఆ బెల్లం తినేది రష్యా అంతరిక్ష పరిశ్రమే. అంటే ఒప్పందం పోతుందని మొత్తుకునేవాళ్ల నోట్లోనే తీపి పెట్టారు. ఇలా చూస్తే కథ మారుతుంది కదా.

1988లో రాబర్ట్ పట్నమ్ చెప్పిన రెండు బల్లల ఆట ఇదే. నాయకుడు ఒక బల్ల దగ్గర బయటి దేశంతో, ఇంకో బల్ల దగ్గర తన వాళ్లతో ఒకేసారి ఆడతాడు. ఒక బల్ల మీద గెలిచే ఎత్తు రెండో బల్ల మీద కొంప ముంచొచ్చు. మనకూ కొత్త కాదు. అణు ఒప్పందం మీద బుష్‌తో కుదిరింది, 2008లో వామపక్షాలు మద్దతు తీసేశాయి, జూలై 22న లోక్‌సభలో 275-256తో గట్టెక్కారు. 2011లో తీస్తా నీళ్ల ఒప్పందం ఢాకాతో కుదిరినట్టే కుదిరి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కాదనడంతో కోల్‌కతా దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు చేదు మాట. అమ్మా, నీకు రష్యన్ వచ్చా? రాదు కదా. మాస్కో గదుల తలుపులు నీకు తెరుచుకోవు. నాలుగు ఇంగ్లీషు వ్యాసాలు చదివి యెల్త్సిన్ మనసులో ఏముందో రాస్తే మళ్లీ సున్నాలే. నీకు కనపడే బల్ల ఏదో అది ఎంచుకో. ఢిల్లీ బల్ల ఉంది. జూలైలో కబురు వచ్చాక పి.వి. ప్రభుత్వం ముందు ఏ దారులున్నాయి? ఒప్పందం మీరారని తెంచుకోవచ్చు, పట్టుబట్టి కూర్చోవచ్చు, ఇచ్చింది తీసుకుని సొంతంగా చేసుకోవచ్చు. మూడోది చేశారు. ఇస్రో ఏం కోరింది, విదేశాంగ శాఖ ఏమంది, ప్రధాని ఎటు మొగ్గారు? లోక్‌సభ చర్చలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఆ ఏడాది ప్రశ్నలూ జవాబులూ వరసగా చదువు. మంత్రి జవాబులో ఏముందన్నది ఒకటి, ఏ ప్రశ్నకు జవాబు పొడవు తగ్గిందన్నది ఇంకొకటి. రెండోది ఎక్కువ చెప్తుంది.

ఆత్మకథల దగ్గర జాగ్రత్త. 1971 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ వెంటనే యుద్ధం చెయ్యమంటే తాను కుదరదని మొహాన చెప్పానని అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా చెప్పే కథ మనందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. చరిత్రకారులు కొందరు అప్పటి కాగితాలు చూసి అంత నాటకీయంగా ఏమీ జరగలేదంటారు. ఏ ఆత్మకథలో అయినా ఆ గదిలో తెలివిగా మాట్లాడింది రాసినాయన ఒక్కడే ఉంటాడు.

పులికాట్_కొంగ (రాత్రి 9:20)

సార్, జవాబు పొడవు అన్నది బాగుంది. మా ఊళ్లో షార్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు. అడిగితే చెప్తారు గానీ, ఎవరికి వాళ్లు ఇంజిన్ తామే చేసినట్టు చెప్తారు.

డల్లాస్_బాలాజీకాలనీ (బుధవారం, ఉదయం 6:30)

తిరుపతి పిల్ల అడిగింది కాబట్టి అర్ధరాత్రి దాటాల్సింది కాదు, అయినా వెతికాను. క్లింటన్, యెల్త్సిన్ ఫోన్ సంభాషణల, సమావేశాల రికార్డులు క్లింటన్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో చాలావరకు పెట్టారు. అక్కడక్కడా నల్ల గీతలు కొట్టి ఉంటాయి. ఇంగ్లీషులోనే ఉన్నాయి, రష్యన్ గొడవ లేదు. క్యూబా విషయంలో ఆలిసన్‌కు లేని సుఖం కొంచెం నీకుంది: ఆయన మొదటి పుస్తకం రాసేనాటికి కెనడీ రహస్యంగా రికార్డు చేసిన టేపులు బయటికి రాలేదు. అవి వచ్చాక 1999లో రెండో ఎడిషన్ రాసుకోవాల్సొచ్చింది. కాగితాలు వస్తే కథ మారుతుంది, గుర్తుపెట్టుకో. మన ఢిల్లీ ఫైళ్లు పాతికేళ్లు దాటితే నేషనల్ ఆర్కైవ్స్‌కు పోవాలని రూలుంది. రూలుండడం, పోవడం ఒకటి కాదు.

తోతాపురి (ఉదయం 6:41)

అక్కడ రాత్రి ఎనిమిది గదన్నా, అర్ధరాత్రి అంటావేం?

డల్లాస్_బాలాజీకాలనీ (ఉదయం 6:44)

వెతికింది నిన్న రాత్రి సామీ. పోస్టు పెట్టింది ఇప్పుడు. డిస్పాచ్‌వాళ్లతో కష్టం.

శేషాచలం_పిల్ల (పదిహేను రోజుల తర్వాత, సాయంత్రం 6:18)

అందరికీ థ్యాంక్స్. కొత్త సినాప్సిస్ ఇచ్చాను. విషయం: క్రయోజెనిక్ ఒప్పందం మారాక 1993–94లో ఢిల్లీ ఎలా సర్దుకుంది. రష్యా వైపు ఒక్క అధ్యాయమే, అదీ క్లింటన్ లైబ్రరీ కాగితాల్లో కనపడినంత మేరకే. లోక్‌సభ చర్చలు ఇప్పటికి ఇరవై రోజులవి చదివాను. మాస్టారు చెప్పినట్టు జవాబుల పొడవు ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసి పెట్టుకుంటున్నా. మా హాస్టల్ రూమ్మేట్ ఇది పొలిటికల్ సైన్సా, టైలరింగా అని అడిగింది.

ఈసారి మేడమ్ చుట్టిన సున్నా ఒకటే. రెండో పేజీలో "అమెరికా ఒత్తిడి తెచ్చింది" అని ఉంది, "అమెరికా" చుట్టూ. వైట్‌హౌసా, విదేశాంగ శాఖా, సెనేటా, అక్కడి రాకెట్ కంపెనీలా అని పక్కన నాలుగు ప్రశ్నలు. అన్నా, మూడో అటెంప్ట్, ఆ వాక్యం నీ పోస్టులోంచి దించింది.

మూడో_అటెంప్ట్ (సాయంత్రం 7:05)

సారీ చెల్లీ. నిన్న టెస్ట్ సిరీస్ పేపర్ తిరిగొచ్చింది, నేనూ పెన్ను తీసుకుని కూర్చున్నా. ఒక్క ఆన్సర్‌లోనే "భారత్" పద్నాలుగుసార్లు రాశాను. మార్కులు మాత్రం బానే వేశారు. మూడు గంటల్లో ఇరవై ప్రశ్నలు, ఎవరు ఎవరు అని వెతకడానికి టైమెక్కడిది? నాలుగో అటెంప్ట్ అయ్యాక చూద్దాం.